డిస్కును లాగే ముందు: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు పంపిన ఫొటో చూశాను. మీ కాలేజీ సర్వర్‌లో డిస్కుల స్థితిని చూపే ఎండీస్టాట్‌లో, బాగున్న డిస్కుకు ఒకటి చొప్పున నాలుగు యూ అక్షరాలు ఉండవలసిన చోట మూడే ఉన్నాయి, నాలుగోదాని స్థానంలో ఒక అండర్‌స్కోర్ ఉంది, ఎస్‌డీసీ అనే డిస్కు పేరు పక్కన పాడైందని చెప్పే ఎఫ్ అన్న గుర్తు పడింది. కొత్త డిస్కు రేపు చేతికందగానే మార్చేస్తానని రాశావు. మార్చడం పది నిమిషాల పనే. కాని ఆ పది నిమిషాల్లో ప్రమాదమంతా బాగున్న మూడు డిస్కులకే అని మొదట మనసులో పెట్టుకో.

మీది రెయిడ్ 5, అంటే నాలుగు డిస్కులను ఒకటిగా కలిపి వాడే అమరిక (ఆ కూటమినే అరే అంటారు), కాబట్టి ఒక డిస్కు పోయినా మిగిలిన మూడింటిలోని డేటాను, ప్యారిటీని (పోయినదాన్ని రాబట్టడానికి అదనంగా రాసి ఉంచే లెక్కను) కలిపి పోయినదాన్ని లెక్కగట్టి రాబట్టవచ్చు. రెండోది కూడా పోతే ఆ లెక్క తెగిపోతుంది. అందువల్ల రీబిల్డ్, అంటే పోయినదాన్ని కొత్త డిస్కు మీద తిరిగి రాయడం, ముగిసేవరకు ఆ పెట్టెకు రక్షణ లేదనే అనుకోవాలి. డిస్కు వచ్చేలోపు మార్కుల డేటాబేసును, ఆ తరువాత హాజరు, ఫీజుల ఫైళ్లను వేరే యంత్రంలోకి కాపీ చేసి, చేసిన కాపీ తెరుచుకుంటున్నదో లేదో కూడా చూసుకో. సినిమాలు, పాత ఇన్‌స్టాలర్లు వంటివి తరువాత చూసుకోవచ్చు.

కాపీ అయ్యాక మిగిలిన మూడు డిస్కుల స్మార్ట్ రిపోర్టు (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే లెక్క) చదువు. అందులో 5, 197, 198 సంఖ్యల వరుసలు ముఖ్యం. ప్రత్యేకించి 197లో సున్నా కాక మరేదైనా ఉంటే ఆ డిస్కులో చదవలేని సెక్టార్లు (డేటా రాసే చిన్న గడులు) పొంచి ఉన్నాయని అర్థం. అలాంటిది కనిపిస్తే రీబిల్డ్ మొదలుపెట్టకుండా నాకు ఫోన్ చెయ్యి. మామూలు డెస్క్‌టాప్ డిస్కుకు తయారీదారులు ఇచ్చే హామీ, సుమారు 12.5 టెరాబైట్లు చదివితే ఒక్క తప్పుకు మించి రాదని. మీ రీబిల్డ్ 8 టెరాబైట్ల చొప్పున మూడు డిస్కులను, అంటే 24 టెరాబైట్లను, మొదటి నుంచి చివరిదాకా చదువుతుంది. నా అనుభవంలో డిస్కులు ఆ హామీ కన్నా బాగానే చదువుతాయి కాని, దాన్ని నమ్ముకుని బ్యాకప్ మానేసే ధైర్యం నాకైతే లేదు.

ఇక ఏ డిస్కును లాగాలన్నది. ఎస్‌డీసీ అన్నది యంత్రం లేచినప్పుడు కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) పెట్టుకునే పేరు మాత్రమే. అది మూడో బేలోనే (డిస్కు పెట్టే అరలోనే) ఉండాలన్న నియమమేమీ లేదు, రీబూట్ చేస్తే పేరే మారవచ్చు. నమ్మదగినది సీరియల్ నంబరు ఒక్కటే. పోయిన డిస్కు పలకకపోతే బాగున్న మూడింటి నంబర్లను కాగితం మీద రాసుకో, ఆ జాబితాలో లేనిదే నీకు కావలసింది. బాగున్న డిస్కులను ఒక్కొక్కటిగా డీడీ అనే ఆదేశంతో చదివిస్తే దాని దీపం ఆగకుండా వెలుగుతుంది, అలా ఏ బేలో ఏది ఉందో బయటినుంచే తెలుస్తుంది.

ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల క్రితం ఒక ఆఫీసులో తెర మీద డిస్కు 3 పాడైందని వస్తే, ఎడమ నుంచి లెక్కపెట్టి మూడోదాన్ని లాగాను. ఆ పెట్టెలో బేల అంకెలు సున్నా నుంచి మొదలవుతాయి. నేను లాగినది బాగున్న డిస్కు. ఫ్యాన్ల హోరు మారలేదు, ఏ దీపమూ ఆరలేదు. అర నిమిషంలో పక్క గదిలో ఫోన్లు మోగడం మొదలైంది. ఆ డిస్కును తిరిగి పెట్టి, డిస్కులను నడిపే కంట్రోలర్ కార్డు అది పరాయి డిస్కని అంటే, దాన్ని ఫారిన్ కాన్ఫిగరేషన్‌గా ఇంపోర్టు చేసి, ఫైల్ సిస్టమ్‌ను సరిచేసేసరికి తెల్లవారింది. ఆ రాత్రి తెర ఒకచోట ఇనిషియలైజ్ చేయమంటావా (అంతా తుడిచి కొత్తగా మొదలుపెట్టమంటావా) అని కూడా అడిగింది. అవునని నొక్కి ఉంటే తెల్లవారినా ఏమీ మిగిలేది కాదు. నీకు అలాంటి పరిస్థితి వస్తే క్రియేట్ అన్న మాట ఉన్న ఏ ఆదేశాన్నీ భయంలో కొట్టవద్దు.

డిస్కును ముందు ఎండీఆడ్మ్ అనే ఆదేశంతో అరే నుంచి తొలగించి, ఆ తరువాతే గొళ్లెం తీయాలి. ఒక అంగుళం మేర లాగి ఆపు; లోపలి పళ్లాలు తిరగడం ఆగడానికి అర నిమిషం పడుతుంది, పూర్తిగా తీసేది అప్పుడే. చేతికి స్టాటిక్ పట్టీ కట్టుకో.

కొత్త డిస్కు విషయంలో పొదుపు చూడవద్దు. దాని సామర్థ్యం పాతదానికన్నా కాస్త తగ్గినా అరే తీసుకోకపోవచ్చు. ఎస్‌ఎంఆర్ రకమైతే షాపుకు తిప్పి పంపించు. పెంకుటింటి కప్పులో పెంకుల్లా ట్రాకులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉండే ఆ డిస్కులు రీబిల్డ్ వంటి ఏకధాటి రాతకు తట్టుకోలేక రోజుల తరబడి నత్తనడక నడుస్తాయి.

మీ అరే పార్టిషన్ల (డిస్కును విభజించిన భాగాల) మీద కట్టి ఉంటే బాగున్న డిస్కు పార్టిషన్ టేబుల్‌ను కొత్తదాని మీదికి ఎస్‌జీడిస్క్ అనే ఆదేశంతో కాపీ చేయాలి. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది: ఆ ఆదేశంలో క్యాపిటల్ ఆర్ పక్కన రాసేది కొత్త డిస్కు పేరు, బాగున్నదాని పేరు చివర వస్తుంది. తారుమారైతే ఖాళీ టేబుల్ వెళ్లి బాగున్న డిస్కు మీద పడుతుంది. ఎంటర్ కొట్టే ముందు ఆ లైనును పైకి చదువు, పక్కన ఎవరైనా ఉంటే వాళ్లచేత కూడా చదివించు.

అరేలో చేర్చగానే రీబిల్డ్ దానంతటదే మొదలవుతుంది. సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున లెక్కేసినా 8 టెరాబైట్లకు సుమారు 15 గంటలు పడుతుంది; పగలు పిల్లలంతా వాడుతుంటే ఇంకా సాగుతుంది, కనుక శనివారం సాయంత్రం మొదలుపెట్టడం మేలు. అయితే సాయంత్రం ల్యాబుకు తాళం వేస్తూ అలవాటు కొద్దీ ఏసీ కూడా ఆపేసే అటెండరుకు ఆ రాత్రి ఆపవద్దని నువ్వే స్వయంగా చెప్పు. తలుపు మీద కాగితం అంటిస్తే సరిపోదు, అది నేను చేసి చూశాను.

లాగిన డిస్కు మీద తేదీ రాసి బీరువాలో పెట్టు. రీబిల్డ్ తరువాత ఒక పూర్తి చెక్ కూడా తప్పుల్లేకుండా ముగిసేవరకు దాని అవసరం రావచ్చు. ఆ తరువాత కూడా పాత సామాన్ల వాడికి అలాగే ఇవ్వవద్దు: డేటా ముక్కలై ఉంటుంది కదా అనుకుంటారు గాని ఎండీఆడ్మ్ మామూలుగా వేసే ముక్క 512 కిలోబైట్లు ఉంటుంది, ఒక విద్యార్థి మార్కుల జాబితా అంతా ఒకే ముక్కలో ఇమిడిపోతుంది. పళ్లాలకు డ్రిల్లుతో రంధ్రాలు వేయించి ఇవ్వు.

నాలుగు యూలు కనబడగానే మళ్లీ ఒక ఫొటో పంపు. ఆదివారం రాత్రి ఎంతసేపైనా మేలుకునే ఉంటాను.

ఇట్లు,
నీ మామయ్య