స్లీవ్ నుంచి బైపాస్‌కి మారాలంటున్నారు, అమ్మాయి చదువు డబ్బు తీయాలా?

ప్రశ్న: నా వయసు 41. బరువు తగ్గడానికి ఐదేళ్ళ కిందట కడుపుని చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను. మొదట్లో బాగా తగ్గాను కానీ అందులో సగం మళ్ళీ వచ్చేసింది. అంతకన్నా పెద్ద బాధ యాసిడ్ గొంతులోకి ఎగదన్నడం. రెండేళ్ళుగా మూడు దిండ్లు పెట్టుకుని సగం కూర్చునే నిద్రపోతున్నాను. రెండు పూటలా మాత్రలు వేసుకుంటున్నా తగ్గట్లేదు. సర్జన్ దాన్ని బైపాస్‌కి (గుండెకి కాదు, కడుపుకే చేసే ఇంకో ఆపరేషన్) మార్చుకోమంటున్నారు. ఆఫీసు వాళ్ళిచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది, రెండోసారి ఇస్తారో లేదో తెలియదు. ఆరు నెలల ఖర్చులకి సరిపడా ఎమర్జెన్సీ ఫండ్ ఉంది. అమ్మాయి కాలేజీకి వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, అది రెండేళ్ళలో కావాలి. ఇంటి లోనుకి ఈఎంఐ కాక నెలనెలా కొంత అదనంగా కూడా కడుతున్నాం. డిపాజిట్ తీయాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా, లేక బరువు తగ్గించే ఇంజెక్షన్లతో నెట్టుకురావాలా? మూడు నెలల్లో ఉద్యోగం మారే ఆలోచన కూడా ఉంది.

జవాబు: మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపేసింది ఆ మూడు దిండ్లు. రెండేళ్ళు సరిగ్గా పడుకోకుండా ఉద్యోగం, ఇల్లు రెండూ లాక్కొస్తున్నారంటే ఎంత అలసిపోయి ఉంటారో ఊహించగలను. మీ డబ్బు ప్రశ్నకి సగం జవాబు కూడా అక్కడే ఉంది.

బరువు తిరిగి పెరిగిందని చేసే రెండో ఆపరేషన్ వేరు. మొదటి ఆపరేషన్ వల్ల వచ్చిన ఇబ్బందిని సరిచేయడానికి చేసేది వేరు. థియేటర్లో జరిగేది అదే బైపాస్ కావచ్చు, కానీ ఇన్సూరెన్స్ కంపెనీ ఫైలు తెరిచినప్పుడు ఇవి రెండు వేర్వేరు కేసులు. జీవితకాలంలో బరువు ఆపరేషన్ ఒక్కసారే ఇస్తామనే షరతు కొన్ని పాలసీల్లో ఉంటుంది. అలాంటి పాలసీలో కూడా, మొదటి ఆపరేషన్ తాలూకు కాంప్లికేషన్‌కి చికిత్స అని రుజువైతే దారి తెరుచుకోవచ్చు. మీ ఫైలు పైపేజీలో 'బరువు పెరిగింది' అని ఒక్కటే ఉంటే మీ కేసు బలహీనం. 'మాత్రలకి లొంగని రిఫ్లక్స్' (యాసిడ్ ఎగదన్నడాన్నే రిఫ్లక్స్ అంటారు) అని పరీక్షల సాక్ష్యంతో ఉంటే గట్టి కేసు. లేనిది రాయించమని కాదు. ఉన్నది పూర్తిగా రాయించమని.

సాక్ష్యం అంటే ఏమిటో చెబుతాను. ఎండోస్కోపీలో అన్నవాహిక ఎంత ఒరిసిపోయిందో ఎ నుంచి డి వరకు గ్రేడ్ ఇస్తారు, సి, డి అంటే తీవ్రమైనవి. అన్నవాహిక లోపలి పొర మారిపోయే బారెట్స్ అనే స్థితి ఉందేమో కూడా అందులోనే చూస్తారు. అది ముందుముందు క్యాన్సర్‌కి దారి తీయగలదు కాబట్టి ఆ మాట రిపోర్టులో ఉంటే ఎవరూ దీన్ని అందం కోసం చేయించుకునే ఆపరేషన్ అనలేరు. ముక్కులోంచి సన్నటి గొట్టం దించి 24 గంటలు యాసిడ్ కొలిచే పీహెచ్ పరీక్ష మరొకటి. వీటితోపాటు ఐదేళ్ళ కిందటి ఆపరేషన్ నోట్స్ కూడా కావాలి. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే సరిపోదు, థియేటర్లో ఏం చేశారో సర్జన్ రాసిన నోట్ అడగండి. పాత ఆస్పత్రి నుంచి దాన్ని తెచ్చుకోవడానికి ఒక్కోసారి వారాలు పడుతుంది, అందుకే ఈ పని ఇవాళే మొదలుపెట్టండి. మాత్రలు ఎప్పటి నుంచి, ఏ డోసులో వాడారో తెలిపే ప్రిస్క్రిప్షన్లు కూడా దాంట్లోనే పెట్టండి.

ఇక బైపాస్ ఎందుకంటున్నారో మీకు స్పష్టంగా తెలియాలి, ఎందుకంటే ధరలు పోల్చేటప్పుడు అదే పనికొస్తుంది. స్లీవ్‌లో కడుపులో సుమారు 75 నుంచి 80 శాతం కోసి బయటికి తీసేస్తారు. మిగిలేది సన్నటి గొట్టం. దాంట్లో ఒత్తిడి ఎక్కువ, అందుకే యాసిడ్ పైకి తన్నడం స్లీవ్ చేయించుకున్న వాళ్ళలో తరచుగా చూస్తాం. తీసేసిన భాగాన్ని మళ్ళీ పెట్టలేరు, కాబట్టి వెనక్కి దారి లేదు. రూ-ఎన్-వై బైపాస్‌లో పైన చిన్న సంచి మాత్రం ఉంచి, చిన్నపేగుని తెచ్చి దానికి కలుపుతారు. యాసిడ్ ఎక్కువగా తయారయ్యే భాగం దారిలోంచి తప్పుకుంటుంది. చాలామందికి రిఫ్లక్స్ తగ్గడానికి కారణం అదే. ఒకే అతుకుతో చేసే మినీ బైపాస్ తక్కువలో అయిపోతుందని ఎవరైనా చెబితే ధర చూసి మారకండి. అందులో పైత్యరసం పైకి వచ్చే అవకాశం ఉంది. రిఫ్లక్స్ కోసమే మారుతున్న మనిషికి అది పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు. బరువు మీద ప్రభావం ఇంకా ఎక్కువుండే డ్యుయోడినల్ స్విచ్ అనేది కూడా ఉంది కానీ అది స్లీవ్‌ని అలాగే ఉంచుతుంది. మీ బాధకి అది మందు కాదు.

ఒక మాట కుండబద్దలు కొట్టినట్టు చెప్పాలి. రెండోసారి తగ్గే బరువు సాధారణంగా మొదటిసారి కన్నా తక్కువే ఉంటుంది. మీరు నిద్ర కోసం, అన్నవాహిక కోసం ఈ ఖర్చు పెడుతున్నారు. బరువు తగ్గితే అది అదనం. ఈ లెక్క మనసులో సరిగ్గా ఉంటే రేపు డబ్బు వృథా అయిందన్న బాధ ఉండదు.

ఇప్పుడు అంకెలు. ఆస్పత్రి చెప్పిన ప్యాకేజీని 100 అనుకోండి. మార్పిడి ఆపరేషన్లలో కాంప్లికేషన్ల అవకాశం మొదటిసారి కన్నా ఎక్కువ. పాత కుట్లు, లోపల అతుక్కుపోయిన కణజాలం, మారిపోయిన రక్తప్రసరణ వల్ల సర్జన్ పని కష్టమవుతుంది. అతుకు దగ్గర లీకైతే ఆస్పత్రిలో మూడు రోజులు అనుకున్నది మూడు వారాలు కావచ్చు. అందుకని నేను 100కి ఇంకో 50 కలిపి ప్లాన్ చేస్తాను. ఆ 50 ఖర్చు చేయడానికి కాదు, అందుబాటులో ఉండడానికి. దాంతోపాటు మీ నెల జీతం కూడా లెక్కలోకి తీసుకోండి. టేబుల్ దగ్గర కూర్చుని చేసే ఉద్యోగమైతే చాలామంది రెండు నుంచి నాలుగు వారాల్లో తిరిగి వెళ్తారు. బరువులెత్తే పనైతే ఇంకా ఎక్కువ. జీతంతో కూడిన సెలవు ఎన్ని రోజులుందో మీ హెచ్‌ఆర్‌ని అడిగి రాసిపెట్టుకోండి.

ఎస్టిమేట్ కాగితంలో చివరి పేరా తప్పకుండా చదవండి. బరువు తగ్గడానికి కడుపుకి వేసిన బ్యాండ్ తీయించి బైపాస్ చేయించుకోవడానికి ఒకాయన నా దగ్గర డబ్బు ప్లాన్ వేయించుకున్నారు. ఆయన చేతిలో ఉన్న కాగితంలో ఒకటే అంకె ఉంది. థియేటర్లోకి వెళ్ళాక బ్యాండ్ కడుపు గోడలోకి కోసుకుపోయిందని తేలింది. ఆ రోజు బ్యాండ్ మాత్రం తీసి, గాయం మానడానికి మూడు నెలలు ఆగమన్నారు. దాంతో రెండు అడ్మిషన్లు, రెండు సార్లు మత్తు, రెండు బిల్లులు, సెలవులు కూడా రెండు సార్లు. ఆ మూడు నెలల మధ్యలో పాలసీ ఏడాది మారింది. అదృష్టం కొద్దీ అది ఆయనకి కలిసొచ్చింది, కానీ ముందే తెలిసుంటే అంత టెన్షన్ పడేవారు కాదు. ఎస్టిమేట్ ఇచ్చినప్పుడు సర్జన్‌ని 'ఒకే దఫాలో అవుతుందా, కాకపోతే ఏం చేస్తారు, దానికెంత' అని అడిగి, ఆ జవాబు కాగితం మీద తీసుకోండి. హయాటల్ హెర్నియా (కడుపు పైభాగం ఛాతీలోకి జారడం) ఉంటే దాని రిపేరు ఆ అంకెలో కలిసిందో లేదో కూడా.

ఈ డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నదానికి మీ ఉత్తరంలోనే జవాబు రాసి పంపారు, మీరు గమనించలేదంతే. ఇంటి లోనుకి నెలనెలా అదనంగా కడుతున్నది ఈ నెల నుంచే ఆపండి. ఆ లోను ఒక సంవత్సరం ఆలస్యంగా తీరితే పోయేది కొంచెం వడ్డీ. ఆ అదనపు సొమ్ముని వేరే సేవింగ్స్ ఖాతాలో వేయండి. పరీక్షలు, ఇన్సూరెన్స్ అనుమతి అన్నీ తేలేసరికి ఎలాగూ కొన్ని నెలలు పడుతుంది, ఈలోపు గణనీయమైన మొత్తం చేరుతుంది.

ఎమర్జెన్సీ ఫండ్‌ని ఆపరేషన్ బిల్లుకి వాడకండి. చాలామంది ఇదే చేస్తారు, ఇది ఎమర్జెన్సీ కాకపోతే ఇంకేంటి అంటారు. కానీ ఇది తేదీ తెలిసిన ఖర్చు. ఎమర్జెన్సీ అంటే ఆపరేషన్ అయ్యాక పదో రోజు జ్వరం వచ్చి మళ్ళీ ఆస్పత్రికి పరిగెత్తడం. నేను పైన చెప్పిన 50 ఆ ఫండ్‌లోంచే రావాలి, అందుకే అది నిండుగా ఉండాలి.

ఇంకా తక్కువైతే అప్పుడు అమ్మాయి డిపాజిట్ వైపు చూడండి, కానీ దాన్ని విరగ్గొట్టకండి. మీ బ్యాంకు డిపాజిట్ మీద లోను ఇస్తే తీసుకోండి. వడ్డీ సాధారణంగా డిపాజిట్ వడ్డీ కన్నా కొద్దిగానే ఎక్కువ ఉంటుంది. పర్సనల్ లోన్ వడ్డీ దానికి చాలా పైన ఉంటుంది. రెండేళ్ళ గడువుంది కాబట్టి పద్దెనిమిది నెలల్లో తీరిపోయేలా నెలసరి పెట్టుకోండి, ఇంటి లోనుకి కడుతున్న ఆ అదనపు సొమ్ము ఇటు మళ్ళుతుంది. అమ్మాయి కాలేజీ ఫీజు కట్టే రోజుకి డిపాజిట్ చెక్కుచెదరదు. ఆస్పత్రి కౌంటర్లో ఇచ్చే 'వడ్డీ లేని వాయిదాల' పథకమైతే ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, ఆపరేషన్ రద్దయితే డబ్బు ఎన్ని రోజుల్లో వెనక్కొస్తుందో చూశాకే సంతకం పెట్టండి.

వేరే దేశంలో చవగ్గా చేస్తామనే ప్యాకేజీలు మీ కంటపడే ఉంటాయి. మొదటి ఆపరేషన్‌కే ఆలోచించాల్సిన విషయం అది. మార్పిడి ఆపరేషన్‌కి మాత్రం నేను వద్దనే చెబుతాను, కాంప్లికేషన్ వస్తే చూడాల్సిన సర్జన్ మీకు విమానం దూరంలో ఉండకూడదు.

ఇంజెక్షన్ల సంగతి. సెమాగ్లుటైడ్‌ని బరువు కోసం అమెరికాలో 2021లో, టిర్జెపటైడ్‌ని 2023లో అనుమతించారు. బరువు ఒక్కటే మీ సమస్య అయితే, రెండో ఆపరేషన్ కన్నా ముందు వీటి గురించి డాక్టర్‌తో మాట్లాడమని నేనే అనేవాణ్ణి. కానీ ఇవి కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి, రిఫ్లక్స్ ఉన్నవాళ్ళలో కొందరికి అది ఇంకా ఇబ్బంది పెట్టవచ్చు. ఆపేస్తే తగ్గిన బరువులో చాలా భాగం తిరిగి వస్తుందని ట్రయల్స్‌లోనే చూశారు. అంటే బడ్జెట్‌లో ఇది ముగింపు తేదీ లేని నెలసరి ఖర్చు. ఇప్పటికే వాడుతుంటే ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్‌కి తప్పక చెప్పండి.

ఉద్యోగం మారడం మాత్రం వాయిదా వేయండి. ఇది నా గట్టి మాట. కొత్త పాలసీలో పాత జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ (డబ్బు ఇవ్వని గడువు) ఉండొచ్చు, కొత్త ఆఫీసులో సెలవులు మొదటి రోజు నుంచే ఉండకపోవచ్చు. ఆపరేషన్ అయ్యాక కనీసం మూడు నాలుగు నెలలు ఇదే పాలసీ నీడలో ఉండండి. కొత్త వాళ్ళు ఆగలేమంటే, వాళ్ళ పాలసీ కాగితం తెప్పించుకుని బరువు ఆపరేషన్ల గురించి ఏం రాసిందో చదివాకే ఒప్పుకోండి. మీ పేరిట టర్మ్ ఇన్సూరెన్స్ లేకపోతే దరఖాస్తులో రెండు ఆపరేషన్లూ దాచకుండా రాయండి. దాచి తీసుకున్న పాలసీ మీ కుటుంబానికి అవసరమైన రోజున ఆదుకోదు.

ఆ తర్వాతి ఖర్చు చిన్నదే కానీ జీవితాంతం ఉంటుంది. బైపాస్ తర్వాత ఐరన్, బి12, కాల్షియం, విటమిన్ డి సరిగ్గా ఒంటబట్టవు. మల్టీవిటమిన్‌తో పాటు ఇవి ఎప్పటికీ వేసుకోవాలి. కాల్షియం కూడా సిట్రేట్ రకమే మేలు, కార్బొనేట్ అరగడానికి యాసిడ్ కావాలి కదా. రక్తపరీక్షలు మొదటి ఏడాది కొన్నిసార్లు, ఆపైన ఏటా ఒకసారి. నెలకి ఎంతవుతుందో మందుల షాపులో ఒకసారి అడిగి, కరెంటు బిల్లు పక్కనే ఆ పద్దు రాసుకోండి. డబ్బు బిగుసుకున్నప్పుడు జనం మొదట ఆపేది ఈ మాత్రలే, ఆ తర్వాత రక్తహీనతకో నరాల తిమ్మిరికో అంతకు పదింతలు పెడతారు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు, పొగతాగడం అతుకు దగ్గర పుండు చేస్తాయి, అది మళ్ళీ అడ్మిషన్. వదులైన చర్మం తీయించుకోవడాన్ని పాలసీలు ఎక్కువగా సౌందర్య చికిత్స కింద లెక్కవేస్తాయి, దాన్ని ఈ బడ్జెట్‌లో కలపకండి.

ఆపరేషన్ ముందు వారం ఒక కాగితం మీద ఈఎంఐ తేదీలు, ఏ ఖాతాలోంచి కట్ అవుతుంది, పాలసీ నంబరు, ఇన్సూరెన్స్ హెల్ప్‌లైన్ అన్నీ రాసి మీ ఆయన చేతికివ్వండి. అర్ధరాత్రి ఆస్పత్రి కౌంటర్లో నిలబడి ఆయన మీ ఫోన్ పాస్‌వర్డ్ వెతుక్కునే పరిస్థితి రానీయకండి.

ముందుగా పీహెచ్ పరీక్షకి డేట్ తీసుకోండి. రిపోర్టు, సర్జన్ ఉత్తరం చేతికొచ్చాక ఇన్సూరెన్స్‌కి ముందస్తు అనుమతి కోసం పెట్టండి, ఫోన్లో చెప్పిన మాటని నమ్మొద్దు, జవాబు రాతలో తీసుకోండి. కాదంటే కారణం ఏ క్లాజు కింద చెప్పారో ఆ కాగితం నాకు పంపండి. అప్పీలు ఉత్తరం ఇద్దరం కలిసి రాద్దాం.