మొదటి ఏడాది మైకు పట్టుకో

చిట్టితల్లికి,

డి ఆంజా కాలేజీలో ఫిల్మ్, ఫొటోగ్రఫీ చదువుతానన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. అది కమ్యూనిటీ కాలేజీ, అంటే రెండేళ్లు చదివి యూనివర్సిటీకి మారే చోటు అనేసరికి మీ నాన్నకు టెన్షన్ పట్టుకుందట. బావకు నా మాటగా ముందు లెక్క చెప్పు. కాలిఫోర్నియా రెసిడెంట్లకు అక్కడ యూనిట్‌కు 31 డాలర్లు. ఒక్కో క్లాసుకు ఇన్ని యూనిట్లని లెక్క, మూణ్నెల్ల టర్మును క్వార్టర్ అంటారు. యూనివర్సిటీలో మూడో ఏడాదికి ట్రాన్స్‌ఫర్ కావాలంటే 90 క్వార్టర్ యూనిట్లు ఉండాలి. అంటే 2,790 డాలర్లు, చిల్లర ఫీజులు వేరే. ప్రైవేట్ ఫిల్మ్ స్కూల్లో ఒక్క సెమిస్టర్‌కే దీనికి ఎన్నో రెట్లు కట్టాలి. మిగిలిన డబ్బుతో కెమెరా కొనేద్దామని మాత్రం తొందరపడకు. ముందు కాలేజీ ఇచ్చే సామాను మీద చెయ్యి తిరగనీ.

ఇక అసలు మాట. క్లాసులో చేరినవాళ్లందరికీ డైరెక్టర్ కావాలనే ఉంటుంది. నువ్వు మొదటి ఏడాది మైకు పట్టుకో. బొమ్మ కాస్త చీకటిగా ఉన్నా జనం ఓర్చుకుంటారు, మాట వినపడకపోతే లేచిపోతారు. స్టూడెంట్ సినిమాలు చాలావరకు దెబ్బతినేది అక్కడే. అందుకే సౌండ్ బాగా చేసే మనిషిని ప్రతి టీమూ పిలుస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నిలబడితే ప్రతి టేకూ వింటావు, ఏ డైరెక్టర్ నటులతో ఎలా మాట్లాడుతున్నాడో దగ్గర నుంచి చూస్తావు. నీ వంతు వచ్చినప్పుడు వాళ్లే లైట్లు మోసుకుని వస్తారు.

పొడవాటి కర్రకు తగిలించే బూమ్ మైకును ఫ్రేము అంచుదాకా, నోటికి వీలైనంత దగ్గరగా తీసుకెళ్లు. సీను అయ్యాక అందరినీ కదలకుండా నిలబెట్టి, ఆ గది చప్పుడు ఒక అర నిమిషం రికార్డు చెయ్యి. ఎడిటింగులో అతుకులు కప్పేది అదే. ఎవరింట్లోనైనా షూటింగ్ అయితే ఫ్రిజ్ ఆపేసి, నీ కారు తాళం అందులో పెట్టు. మళ్లీ ఆన్ చెయ్యకుండా ఇంటికి వెళ్లలేవు!

కెమెరా సంగతి ఒక్కటి చెబుతాను. సెకనుకు 24 ఫ్రేములు తీస్తుంటే షట్టర్ 1/48 దగ్గర, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుగు సెకనులో 48వ వంతు సేపు పడేలా ఉంచమంటారు. కానీ అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, అంటే సెకనుకు 60 సార్లు ఊగుతుంది, దాంతో కొన్ని లైట్ల కింద బొమ్మ మిణుకుమంటుంది. అప్పుడు 1/60 పెట్టు. సెలవులకు విజయవాడ వెళ్లి అమ్మమ్మను ట్యూబ్‌లైట్ కింద తీసేటప్పుడు 1/50 పెట్టు, మనదగ్గర 50 హెర్ట్జ్ కదా.

ఫొటోగ్రఫీలో డార్క్‌రూమ్ క్లాసు, అంటే ఫిల్మ్ రీలు కడిగి ఫొటోలు వేసేది, దొరికితే వదలకు. రీలుకు 36 ఫొటోలే కాబట్టి నొక్కేముందు వెలుగు ఎటునుంచి పడుతోందో చూడటం అలవాటవుతుంది.

నాకు భయమల్లా ట్రాన్స్‌ఫర్ గురించే. ఫిల్మ్ క్లాసులు సరదాగా ఉంటాయని అవే తీసుకుంటూ పోయి, ఇంగ్లిష్, మ్యాథ్స్ వెనక్కి నెట్టి అక్కడే ఏళ్లు గడిపేసేవాళ్లున్నారు. ఆ రెండూ మొదట్లోనే పూర్తి చేసెయ్. శాన్ హొసే స్టేట్ యూనివర్సిటీకి వెళ్లాలన్నా, లాస్ ఏంజెలెస్‌లోని యూనివర్సిటీ యూసీఎల్‌ఏకు అప్లై చేయాలన్నా, ఏ క్లాసు అక్కడ చెల్లుతుందో అసిస్ట్ వెబ్‌సైట్‌లో మొదటి క్వార్టర్‌లోనే చూసుకో. యూసీఎల్‌ఏ ఫిల్మ్ సీట్లు బహు తక్కువ, అదొక్కటే నమ్ముకోకు.

రిజిస్ట్రేషన్‌కు ముందే కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ తీసుకో. తేదీ ఖాయమయ్యాక నాకు ఫోన్ చెయ్యి, ఈలోగా నేను బావతో మాట్లాడతాను.

మీ మావయ్య