ఒకే ఇల్లు, అవే దోమలు.. తమ్ముడికే ఎందుకు ముదిరింది?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. నిరుడు ఇద్దరు పిల్లలకూ వారం తేడాతో డెంగీ వచ్చింది. అమ్మాయి నాలుగు రోజుల్లో లేచి తిరిగింది, తమ్ముడు ఐసీయూ దాకా వెళ్లాడు. వాడికే ఎందుకు ముదిరిందన్నది తనను వదలడం లేదు. ఎంబీబీఎస్ వద్దు, జన్యుశాస్త్రం చదువుతానంటోంది. చదివించవచ్చా? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: చదివించవచ్చు. కానీ మీ అబ్బాయికి జన్యువుల వల్లే ముదిరిందని అప్పుడే తీర్మానించుకోవద్దని అమ్మాయికి చెప్పండి. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చి తగ్గాక మరో రకం సోకితే ముదిరే ముప్పు ఎక్కువ. మొదటిసారి వచ్చిన సంగతి మీకు తెలియకపోయి ఉండవచ్చు.

జన్యువుల పాత్రా నిజమే. వియత్నాంలో డెంగీ షాక్‌కు (ముదిరి రక్తపోటు పడిపోయే స్థితికి) గురైన సుమారు రెండు వేల మంది పిల్లల డీఎన్‌ఏను మరో రెండు వేల మందితో పోల్చితే, ఎంఐసీబీ, పీఎల్‌సీఈ1 అనే జన్యువుల దగ్గర తేడా బయటపడింది (2011). సీసీఆర్5 అనే జన్యువు కథ ఇంకా తమాషా. హెచ్‌ఐవీ మన రోగనిరోధక కణాల్లోకి దూరడానికి వాడుకునే తలుపు లాంటిదాన్ని తయారుచేసేది అదే. ఆ జన్యువులో 32 డీఎన్‌ఏ అక్షరాలు ఎగిరిపోయిన రూపం కొందరు యూరప్ సంతతివారిలో ఉంటుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ అదే సంక్రమిస్తే హెచ్‌ఐవీ చాలావరకు కణాల్లోకి చొరబడలేకపోతుంది. అదే మనిషికి దోమల ద్వారా వెస్ట్ నైల్ వైరస్ సోకితే మాత్రం జబ్బుపడే ముప్పు పెరుగుతుందని 2006లో అమెరికాలో తేలింది. దొంగ (హెచ్‌ఐవీ) రాకుండా తలుపు మూస్తే, వెస్ట్ నైల్‌తో పోరాడాల్సిన పోలీసూ (రోగనిరోధక కణం) రాలేకపోయాడన్నమాట.

ఇక అసలు సంగతి. లెక్కలంటే భయపడి బైపీసీలో చేరినవాళ్లను ఈ రంగం మళ్లీ లెక్కల ముందే కూర్చోబెడుతుంది. డీఎన్‌ఏలో ఐదు లక్షల చోట్ల పోల్చారనుకోండి. నూటికి ఐదు పొరపాట్లు పర్వాలేదనుకుంటే, ఏ సంబంధమూ లేకున్నా 25,000 చోట్ల తేడా ఉన్నట్టే కనిపిస్తుంది! అందులోంచి నిజమైనదాన్ని ఏరడమే ఈ ఉద్యోగం. ప్రయోగశాలలో పిపెట్ (ద్రవాన్ని కొలిచి తీసే గొట్టం) పట్టడం ఆరు నెలల్లో వస్తుంది, ఈ ఏరడం రాదు.

సైన్స్ చదువుకూ పరిశోధనకూ ఉన్న కేంద్ర విద్యాసంస్థ ఐసర్. దాని ప్రవేశ పరీక్షను బైపీసీ వాళ్లూ రాయవచ్చు, తిరుపతిలోనూ ఐసర్ ఉంది. అరవై ప్రశ్నల్లో పదిహేను లెక్కలే. అక్కడ సీటు రాకపోతే బీఎస్సీ, తర్వాత ఎమ్మెస్సీ. పీహెచ్‌డీకి హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థలు ఉన్నాయి. వైద్య జన్యుశాస్త్రానికైతే పశ్చిమ బెంగాల్‌లోని కల్యాణిలో ప్రత్యేకంగా ఒక జాతీయ సంస్థే ఉంది. పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు. అయితే డిగ్రీ నుంచి పీహెచ్‌డీ దాకా పదేళ్లు పడుతుంది. ఈలోగా పెళ్లి మాట ఎత్తే బంధువులకు జవాబు మీరే సిద్ధం చేసుకోవాలి.

ఈ సెలవుల్లో ఎంపీసీ వాళ్ల లెక్కల పుస్తకం ఒకటి తెచ్చి, సంభావ్యత పాఠం చదవమనండి. నెల తర్వాతా ఆ పుస్తకం బల్లమీద తెరిచే ఉంటే ఐసర్ దరఖాస్తు నింపించండి.