మా అమ్మాయి ఎల్జీబీటీ మీద రీసెర్చ్ చేస్తానంటోంది, ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది అనంతపురం, పదిహేనేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అమ్మాయి బీఏ సైకాలజీ, సోషియాలజీ చివరి ఏడాది. క్యాంపస్‌లో హెచ్ఆర్ ఉద్యోగాలకి పేరు ఇవ్వనంది. పీజీ చేసి ఎల్జీబీటీ వాళ్ల జీవితాల మీద రీసెర్చ్ చేస్తుందట. ఇందులో ఉద్యోగాలున్నాయా? రెజ్యూమెలో ఆ టాపిక్ ఉంటే రేపు ఇబ్బంది కాదా? ఈ టాపిక్కే ఎందుకని అడిగితే ముఖం మాడ్చుకుని లోపలికి వెళ్లిపోతోంది. (ఒక తల్లి)

జవాబు:

అమ్మా, మీ చివరి వాక్యంతోనే మొదలుపెడతాను, ఉత్తరం మొత్తానికి అసలు ప్రశ్న అదేనని నాకనిపించింది. "ఈ టాపిక్కే ఎందుకు" అని మీరు మామూలుగానే అడిగి ఉండొచ్చు, కానీ ఆ వయసు పిల్లకి అది "నువ్వూ వాళ్లలో ఒకదానివా" అన్నట్టే వినిపిస్తుంది. కౌలు రైతుల మీద థీసిస్ రాసినవాళ్లంతా కౌలుకి చేసినవాళ్లు కారు కదా. అలాగని "అబ్బే, మీ అమ్మాయి అలాంటిదేం కాదులెండి" అని మీకు ధైర్యం చెప్పడం నా పని కాదు, అది కౌన్సెలర్ తేల్చే విషయమూ కాదు. చెప్పాల్సింది ఏమైనా ఉంటే తనే చెబుతుంది, మీరు ఆరా తీయడం ఆపాక.

ఇక ఉద్యోగం. మొదటి జీతం చూసి మీరు నీరసపడతారు, ముందే చెబుతున్నా. పక్క ఫ్లాట్‌లో ఐటీలో చేరిన కుర్రాడితో పోల్చుకున్నారంటే ఇంట్లో రోజూ గొడవే. ఎన్జీఓ ఉద్యోగం ప్రాజెక్టుకి కట్టేసి ఉంటుంది, ఫండింగ్ అయిపోతే ఉద్యోగమూ అయిపోతుంది. దానికితోడు 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని (అందరూ ఎఫ్‌సీఆర్ఏ అంటారు) సవరించి, ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ డబ్బులో కొంత ఇంకో సంస్థకి ఇవ్వకుండా ఆపేశారు. పెద్ద సంస్థల దగ్గర అలా తీసుకుని నడిచిన చిన్న చిన్న చోట్లకి అది గట్టి దెబ్బ, మీ అమ్మాయి మనసు పడేది కూడా సరిగ్గా అలాంటి చోట్ల మీదే.

కానీ తలుపు అదొక్కటే కాదు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల మీద 2019లో వచ్చిన చట్టం, దాని కింద 2020లో వచ్చిన రూల్స్ ప్రతి సంస్థకీ సమాన అవకాశాల పాలసీ ఉండాలని, ఫిర్యాదులు వినడానికి ఒక అధికారిని పెట్టాలని చెప్పాయి. ఆ పాలసీ కాగితాన్ని ఎవరో ఒకరు రాయాలి, రాసి ఊరుకోకుండా బాత్రూం దగ్గర్నుంచి ఇన్సూరెన్స్ ఫారం దాకా అది ఎక్కడ పనిచేయడం లేదో చూడాలి. బెంగళూరు కంపెనీల్లో డైవర్సిటీ, ఇన్‌క్లూజన్ అనే పేరుతో ఉండే టీములు చేసేది ఇదే. అంటే మీరు కోరుకున్న హెచ్ఆర్ ఉద్యోగానికే ఇది ఇంకో దారి. అక్కడ ఈ టాపిక్ రెజ్యూమెలో ఉండటం ప్లస్సే. కొన్ని చోట్ల మొహం చిట్లిస్తారు, నిజమే, కాదనను. టైటిల్‌ని "పని ప్రదేశాల్లో వివక్ష" అని పెట్టుకోవడంలో అబద్ధమేమీ లేదు. హెచ్ఐవీ నివారణ ప్రాజెక్టులున్నాయి, కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) విభాగాలున్నాయి. కౌన్సెలింగ్ వైపు వెళ్లాలనుకుంటే మాత్రం ఒక జాగ్రత్త: క్లినికల్ సైకాలజిస్ట్ అనిపించుకోవాలంటే ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ కావాలి, ఎంఏ ఒక్కటే చాలదు, అక్కడ పొరపాటు పడి రెండేళ్లు పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను.

ఇంతకీ తను ఉన్న ఊరు ఈ చదువుకి ఎంత అనుకూలమో మీకు తెలిసినట్టు లేదు. గుడ్ యాజ్ యూ అనే సపోర్ట్ గ్రూప్ ఇక్కడ 1994లోనే మొదలైంది. లైంగిక మైనారిటీల హక్కుల కోసం పనిచేసే సంగమ అనే సంస్థ 1999లో మొదలైంది. అందులో ఆఫీసు సహాయకురాలిగా చేరిన ఎ. రేవతి తర్వాత అదే సంస్థకి డైరెక్టర్ అయ్యారు, ఆవిడ తమిళనాడు నుంచి వచ్చిన హిజ్రా, రచయిత్రి కూడా. పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం కర్ణాటక శాఖ 2001లో, 2003లో ఈ నగరంలో పోలీసులు, ఇళ్లవాళ్లు, ఆస్పత్రులు ఎల్జీబీటీ వాళ్లని ఎలా చూస్తున్నారో మనుషుల నోటి మాటలతోనే రెండు రిపోర్టులు తెచ్చింది. నేషనల్ లా స్కూల్లో కామ్రా అనే ఆర్కైవ్ ఉంది, ఒకప్పుడు స్వలింగ సంబంధాల్ని నేరంగా చూసిన 377 సెక్షన్ మీద నడిచిన కేసుల కాగితాలు, పాత వీడియో రికార్డింగులు అక్కడ భద్రపరిచారు. పీజీలో చేరేలోపు తను చేయాల్సిన మొదటి పని, కొత్తగా ఎవర్నీ ఇంటర్వ్యూ చేయకుండా ముందు ఇవన్నీ చదవడం. చెప్పిన మనుషులే మళ్లీ మళ్లీ ప్రతి స్టూడెంట్‌కీ అదే కథ చెప్పి విసిగిపోయారు.

ఇలాంటి చదువుల వల్ల ఏం ఒరుగుతుందని మీవారు అడుగుతారేమో. 2021లో కర్ణాటక ప్రభుత్వ ఉద్యోగాల్లో ట్రాన్స్‌జెండర్లకి 1 శాతం రిజర్వేషన్ పెట్టింది, దేశంలో అలా పెట్టిన మొదటి రాష్ట్రం ఇదే. హైకోర్టులో సంగమ వేసిన పిటిషన్ దాని వెనక ఉంది. లెక్కల సంగతి చూడండి, 2011 జనగణనలో ఆడ, మగ కాకుండా "ఇతరులు" అని దేశం మొత్తంలో నమోదైంది 4,87,803 మంది, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769, కర్ణాటకలో 20,266. ఆ గడిలో గే, లెస్బియన్ అన్న లెక్కే లేదు, ట్రాన్స్‌జెండర్లలో కూడా భయపడి ఆడ అనో మగ అనో రాయించుకున్నవాళ్లు ఎక్కడ కనిపిస్తారు? లెక్క లేకపోతే బడ్జెట్లో పైసా కూడా రాదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, కొంచెం పెద్దదే. కొన్నేళ్ల కిందట ఒక కాలేజీలో నేను గైడ్ చేసిన అమ్మాయి ఇలాగే మంచి డిసర్టేషన్ రాసింది. పేర్లన్నీ మార్చింది. కానీ ఒకచోట "ఫలానా బస్టాండ్ వెనక టైలర్ షాపులో పనిచేసే కర్నూలు మనిషి" అని ఉంది, అది ఆమె చూసుకోలేదు, చూసుకోవాల్సిన నేను కూడా రెండుసార్లు చదివి వదిలేశాను. ఆ టైలర్ షాపు ఆ వీధిలో ఒక్కటే. లైబ్రరీలో పెట్టిన కాపీ ఎవరో చదివి, ఆ మాట ఇంటి ఓనర్ చెవిన పడి, అతను ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఆ అమ్మాయికి డిస్టింక్షన్ వచ్చింది. ఆ మార్కుల గురించి మేమిద్దరం ఇప్పటిదాకా మాట్లాడుకోలేదు. అప్పట్నుంచి ఎవరొచ్చినా టాపిక్ కంటే ముందు రికార్డింగులు ఎక్కడ దాస్తావు, ఊరి పేరు ఎలా మారుస్తావు, రీసెర్చ్ వల్ల ఎవరికీ హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ఉన్న కాలేజీయేనా అని అడుగుతున్నాను.

భాష ఇంకొకటి. తనకి తెలుగు రావడం పెద్ద వరం, రాయలసీమ నుంచి వచ్చినవాళ్లు ఈ ఊళ్లో ఎంతమందో మీకు చెప్పక్కర్లేదు, సొంత యాసలో పలకరిస్తే మనిషి తెరుచుకునే తీరే వేరు. అయితే కన్నడ చదవడం, రాయడం కూడా వచ్చి తీరాలి. పదిహేనేళ్లుగా బెంగళూరులో ఉండి ఆటో డ్రైవర్‌తో మాట్లాడే కన్నడతో ఫీల్డ్‌వర్క్ అవ్వదు (మనవాళ్లలో చాలామందిది ఇదే పరిస్థితి, నాదీ అదే).

చదువు విషయానికి, అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీలో ఎంఏ డెవలప్‌మెంట్ చూడమనండి, ఇంటి ఆదాయాన్ని బట్టి ఫీజు సాయం చేస్తారు. లా స్కూల్లో పబ్లిక్ పాలసీ ఉంది. ఇల్లు వదిలి వెళ్లడానికి మీరు ఒప్పుకుంటే చెన్నైలో మద్రాస్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్, 1952 నాటిది, ఎంఎస్‌డబ్ల్యూకి (సోషల్ వర్క్‌లో పీజీ) మంచి పేరు. ఎక్కడ చేరినా స్టాటిస్టిక్స్ పేపర్ వదలొద్దనండి, సర్వే చేయడం, డేటా చూడటం వస్తే ఫండింగ్ ఆగినా ఇంకో చోట పని దొరుకుతుంది.

పెళ్లి సంబంధాల గురించి ఏం మాట్లాడను, అది నా డిపార్ట్‌మెంట్ కాదు. ఈసారి తన గదిలోకి వెళ్లినప్పుడు "ఎందుకు" అని కాకుండా "ఎవరితో మాట్లాడతావు, వాళ్ల పేర్లు బయటికి రాకుండా ఏం చేస్తావు" అని అడగండి. దానికి గంటసేపు జవాబు చెప్పిందనుకోండి, అప్లికేషన్ ఫారాలు తెప్పించండి.