నాన్నగారి సూట్‌కేసులో ఏసిట్రామ్ ఉంటే

మా నాన్నగారు హైదరాబాద్ నుంచి మొదటిసారి న్యూజెర్సీ వచ్చినప్పుడు మేం చేసిన తెలివితక్కువ పని ఆకుకూరలు మాన్పించడం. గుండెలో మెటల్ వాల్వు ఉంది, రోజూ ఏసిట్రామ్ వేసుకుంటారు. "రక్తం పల్చబడే మందుకు ఆకుకూర పడదట" అని ఎవరో చెబితే పాలకూర పప్పు, తోటకూర వేపుడు అన్నీ బంద్ చేశాం. మల్కాజిగిరిలో వారానికి మూడు రోజులైనా తినే మనిషి! రెండు వారాలకు పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం. టెస్టు చేయిస్తే ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే లెక్క, పెరిగితే రక్తస్రావం ముప్పు) 5 దాటింది.

ఈ మందు పనిచేసేదే విటమిన్ కె కి అడ్డుపడి. ఆకుకూరల్లో దండిగా ఉండేది అదే. అక్కడి డాక్టరు డోసు కుదిర్చింది ఆయన రోజూ తినే తిండి మీద. కూర తీసేస్తే అదే మాత్ర ఎక్కువైపోతుంది, మునగాకు పొడి అంటూ కొత్తగా మొదలెడితే చాలదు. ఇంట్లో ఎంత తినేవారో ఇక్కడా అంతే పెట్టండి.

ఏసిట్రామ్ అమెరికాలో దొరకదు, ఇక్కడ వాడేది వార్‌ఫరిన్. ఒకే జాతి మందులే గానీ మిల్లీగ్రాముకు మిల్లీగ్రాము లెక్క కుదరదు. ఉన్నన్నాళ్లకూ సరిపడా మాత్రలు, ప్రిస్క్రిప్షన్, పాత ఐఎన్‌ఆర్ రిపోర్టులు హ్యాండ్ బ్యాగులో తెమ్మనండి.

నాకు కూరల కన్నా సూట్‌కేసులోని మందుల డబ్బా అంటేనే ఎక్కువ భయం. విరేచనాలకని మనవాళ్లు మెట్రోజిల్ తెచ్చుకుంటారు. అది ఐఎన్‌ఆర్‌ను బాగా పెంచేస్తుంది. మోకాళ్ల నొప్పికి అక్కడ కాంబిఫ్లామ్, ఇక్కడ అడ్విల్. రెండింట్లోనూ ఐబుప్రోఫెనే, కడుపులో రక్తస్రావం కావచ్చు. టైలెనాల్ అంటే మన పారాసిటమాలే. ఒకటీ అరా పర్వాలేదు, రోజుల తరబడి వేసుకుంటే ఐఎన్‌ఆర్ అదీ పెంచుతుంది. డాక్టరు రాసిన ఎకోస్ప్రిన్‌ను (ఆస్పిరిన్) మాత్రం సొంతంగా ఆపకండి. కూరలో పసుపు సంగతి వదిలేయండి, పసుపు క్యాప్సూళ్లయితే అడిగాకే.

రక్తం పల్చబడేందుకే ఇచ్చే కొత్త రకం మందులు, ఎలిక్విస్ లాంటివి, వాడేవాళ్లకు ఆకుకూర గొడవ లేదు, అడ్విల్ గొడవ ఉంది. ఆ కోవలోదే రివరాక్సబాన్, దాని 15, 20 మిల్లీగ్రాముల మాత్రలు అన్నంతోనే వేసుకోవాలి. అమ్మగారికి శనివారం ఉపవాసం అలవాటుంటే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి.

నల్లటి విరేచనం అయినా, పడి తలకు దెబ్బ తగిలినా, పైకి బాగానే ఉన్నారని ఊరుకోకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. బిల్లు సంగతి తర్వాత చూసుకోవచ్చు.