చిరునామాల నుంచి మ్యాప్‌కు: ఈ ప్రాజెక్టు ఉద్యోగానికి పనికొస్తుందా?

ప్రశ్న: బీటెక్ సివిల్ మూడో ఏడాది చదువుతున్నాను. పైథాన్ కొంత వచ్చు. ఉమ్మడి గుంటూరు జిల్లాలోని 2,000 మందుల దుకాణాల చిరునామాలను ‘జియోపై’ లైబ్రరీతో అక్షాంశ, రేఖాంశాలుగా మార్చి మ్యాప్ మీద చూపించడం మా మినీ ప్రాజెక్టు. సగానికి పైగా చిరునామాలకు ఏమీ రావడం లేదు. వచ్చినవాటిలో చాలా చుక్కలు ఒకేచోట పడుతున్నాయి. దీన్ని రెజ్యూమెలో పెట్టుకోవచ్చా? ఈ రంగంలో ఉద్యోగాలుంటాయా?
- ఓ విద్యార్థి, నరసరావుపేట

జవాబు: పెట్టుకోవచ్చు, కానీ ఇప్పుడున్న రూపంలో కాదు. ‘2,000 చిరునామాలను జియోకోడింగ్ చేశాను’ (అంటే అక్షాంశ, రేఖాంశాలుగా మార్చాను) అని రాస్తే, ఇంటర్వ్యూలో వెంటనే వచ్చే ప్రశ్న ‘వాటిలో సరైనవి ఎన్ని? మీకెలా తెలుసు?’ అనే. లైబ్రరీని వాడటం నాలుగైదు లైన్ల పని, ఎవరైనా చేస్తారు. ఏ చుక్కను ఎంతవరకు నమ్మొచ్చో చెప్పగలిగేవాళ్ల కోసమే కంపెనీలు వెతుకుతాయి. మీకొచ్చిన రెండు ఇబ్బందులూ సరిగ్గా అక్కడికే దారితీస్తున్నాయి కాబట్టి ముందు వాటి సంగతి చూద్దాం.

జియోపై దగ్గర సొంతంగా చిరునామాల సమాచారమేమీ ఉండదు. మీరిచ్చిన చిరునామాను అది ఏదో ఒక సర్వీసుకు పంపి, వచ్చిన జవాబును మీకు అందిస్తుంది, అంతే. మీరు వాడుతున్నది బహుశా ‘నామినాటిమ్’ అయి ఉంటుంది. ఉచితం కాబట్టి విద్యార్థులంతా దాంతోనే మొదలుపెడతారు. అది అందరూ కలిసి తయారుచేసే ఉచిత ప్రపంచ పటం ‘ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్’ సమాచారం మీద నడుస్తుంది. అందులో మన పట్టణాల రోడ్లు, పేటల పేర్లు బాగానే ఉన్నాయి. ఇంటి నంబర్లు మాత్రం చాలా తక్కువ. పైగా మీరు ఇచ్చిన మాటల్లో దానికి తెలియనిది ఒక్కటున్నా చాలాసార్లు మొత్తం చిరునామానే దొరకలేదంటుంది. ‘డోర్ నం. 5-87-12, స్టేట్ బ్యాంక్ ఎదురుగా, లక్ష్మీపురం మెయిన్ రోడ్, గుంటూరు, 522007’ అని పంపితే డోర్ నంబరు దగ్గరా ‘ఎదురుగా’ దగ్గరా ఆగిపోతుంది. అదే ‘లక్ష్మీపురం, గుంటూరు, ఆంధ్రప్రదేశ్’ అని పంపితే జవాబు రావడానికి చాలా ఎక్కువ అవకాశం ఉంది.

అందుకే చిరునామాను మూడు మెట్లుగా పంపండి. మొదట డోర్ నంబరు, ‘దగ్గర’, ‘వెనుక’, ‘ఎదురుగా’ లాంటి గుర్తులన్నీ తీసేసి రోడ్డు, పేట, ఊరు. దొరక్కపోతే పేట, ఊరు. అదీ కాకపోతే ఊరు, పిన్‌కోడ్. ఏ మెట్టులో దొరికిందో తప్పనిసరిగా ఒక కాలమ్‌లో రాసుకోండి. ప్రాజెక్టుకు ప్రాణం ఆ కాలమే. దేశం కోడ్‌ను భారత్‌కు పరిమితం చేయడం మరవొద్దు. ఒకే పేరున్న ఊళ్లు ఇంకా ఉంటాయి కాబట్టి రాష్ట్రం పేరూ ఇవ్వండి. పశ్చిమ గోదావరిలో నరసాపురం, మెదక్ జిల్లాలో నర్సాపూర్ ఉన్నాయి. రామచంద్రపురం అంటే కోనసీమలో ఒకటి, హైదరాబాద్ శివారులో బీహెచ్‌ఈఎల్ పక్కన ఇంకొకటి.

జిల్లా పేరు మాత్రం తీసేయడమే మంచిది. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. మీ జాబితా పాతదైతే అందులో ‘నరసరావుపేట, గుంటూరు జిల్లా’ అని ఉంటుంది. మ్యాప్‌లో అది పల్నాడు జిల్లా. రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. పాత జిల్లా పేరుతో వెతికితే రెండూ పొసగక ఖాళీ జవాబు రావచ్చు. తెలంగాణ చిరునామాలతో పనిచేసేవాళ్లకూ ఇదే తలనొప్పి. అక్కడ 2016లో 10 జిల్లాలు 31, 2019లో 33 అయ్యాయి.

ఇక ఖాళీ జవాబు గురించి ఒక మాట. దొరకకపోతే జియోపై ‘నన్’ (None, అంటే ఏమీ లేదు) అని ఇస్తుంది. నెట్ ఆగిపోయినా, సర్వర్ ఆలస్యం చేసినా కూడా మీకు అదే ‘నన్’ కనిపించే వీలుంది. ఎందుకంటే వేగాన్ని అదుపు చేయడానికి వాడే ‘రేట్ లిమిటర్’ మామూలుగా రెండుసార్లు మళ్లీ ప్రయత్నించి, అప్పటికీ కుదరకపోతే లోపాన్ని మింగేసి ‘నన్’ ఇచ్చేస్తుంది. అందులో ‘స్వాలో ఎక్సెప్షన్స్’ అనే అమరికను ఫాల్స్ చేసి, లోపాలను మీరే పట్టుకుని ‘దొరకలేదు’, ‘లోపం వచ్చింది’ అని వేర్వేరుగా రాయండి. టైమౌట్ (జవాబు కోసం ఆగే సమయం) మామూలుగా 1 సెకను మాత్రమే ఉంటుంది, దాన్ని 10కి పెంచండి. మీ సగం ఖాళీల్లో కొన్ని ఈ ఒక్క మార్పుతోనే నిండినా నిండవచ్చు.

నామినాటిమ్ ఉచిత సర్వర్‌కు షరతులున్నాయి: సెకనుకు ఒక్క అభ్యర్థన మించకూడదు, ‘యూజర్ ఏజెంట్’గా మీ ప్రాజెక్టును గుర్తించే పేరు ఇవ్వాలి, ఒకసారి వచ్చిన జవాబును దాచుకుని మళ్లీ అదే అడగకూడదు, మ్యాప్ కింద ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పేరు వేయాలి. పని త్వరగా అవ్వాలని నాలుగు కంప్యూటర్లలో ఒకేసారి నడిపితే కాలేజీ నెట్ మొత్తాన్ని బ్లాక్ చేసే ప్రమాదం ఉంది. సెకనుకు ఒకటి చొప్పున 2,000 చిరునామాలకు ఒక్కో మెట్టుకు దాదాపు 34 నిమిషాలు, మూడు మెట్లకూ కలిపి సుమారు రెండు గంటలు. ఒక్కో జవాబు రాగానే ఫైలులో రాసేయండి. మధ్యలో కరెంటు పోతే మొదటి నుంచి మొదలుపెట్టే పని ఉండదు. ‘బ్రాడీపేట, గుంటూరు’ 80 సార్లు వస్తే ఒక్కసారే అడిగితే చాలు. ఈ సర్వర్ పెద్ద ఎత్తున చేసే పనికి కాదు. ఉద్యోగంలో లక్షల చిరునామాలు వచ్చినప్పుడు డబ్బు చెల్లించే సర్వీసో, సొంత సర్వర్ మీద నామినాటిమో వాడతారు. అప్పుడు కస్టమర్ల ఇంటి చిరునామాలను బయటి సర్వీసుకు పంపొచ్చా అన్న ప్రశ్న కూడా వస్తుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం గురించి కాస్త తెలిసి ఉంటే ఇంటర్వ్యూలో పనికొస్తుంది.

చుక్కలన్నీ ఒకేచోట ఎందుకు? మూడో మెట్టులో దొరికినవన్నీ ఊరి మధ్యనో, పిన్‌కోడ్ ప్రాంతం మధ్యనో పడతాయి. అక్షాంశ, రేఖాంశాల జంటలను గ్రూపు చేసి, ఒక్కో జంట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించండి. ఒకే బిందువు మీద 140 దుకాణాలుంటే అది దుకాణాల చోటు కాదు, ఊరి కేంద్రం. వీటిని మ్యాప్‌లో వేరే రంగులో చూపించండి. తీసేసి దాచొద్దు.

మనవాళ్లు తరచూ పట్టుకోలేని పొరపాటు ఇంకొకటుంది. జియోపై ముందు అక్షాంశం, తర్వాత రేఖాంశం రాస్తుంది. మ్యాప్ సమాచారాన్ని దాచే జియోజేసన్ ఫైళ్లలో, ఆకారాలతో లెక్కలు చేసే షేప్‌లీ లైబ్రరీలో వరుస తిరగబడి రేఖాంశం ముందు వస్తుంది. తారుమారైతే 16.3, 80.4గా ఉండాల్సిన గుంటూరు 80.4, 16.3 అయి స్వాల్‌బార్డ్ దీవులకు ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది. అక్షాంశం 90 దాటితే జియోపై తప్పని చెబుతుంది గానీ, మన రాష్ట్రాల రేఖాంశాలు దాదాపు 77 నుంచి 85 మధ్యే ఉండటంతో దానికి అనుమానం రాదు. కాబట్టి మీరే ఒక కాపలా పెట్టుకోండి: అక్షాంశం 12 నుంచి 20, రేఖాంశం 76 నుంచి 85 మధ్య లేకపోతే ఆ వరుసను పక్కకు తీయాలి.

దశాంశాల విషయంలోనూ జాగ్రత్త. ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు. నాలుగు దశాంశ స్థానాలంటే 11 మీటర్లు, ఐదంటే మీటరు పైచిలుకు. జవాబులో ఏడు అంకెలున్నాయని చుక్క అంత కచ్చితమైనదనుకోవద్దు. ఊరి కేంద్రానికి కూడా ఏడు అంకెలే వస్తాయి.

ఇప్పుడు రెజ్యూమెకు అసలు సరుకు. జాబితా నుంచి యాదృచ్ఛికంగా 100 దుకాణాలు తీసుకోండి. ఏరి కోరి మంచివి తీసుకోకూడదు. నరసరావుపేట, గుంటూరుల్లో ఉన్నవాటి దగ్గరకు వెళ్లి ఫోన్ జీపీఎస్‌తో స్థానం నమోదు చేయండి. మిగతావాటిని ఉపగ్రహ చిత్రంపై చేత్తో గుర్తించండి. ఆ స్థానానికీ మీ చుక్కకూ దూరాన్ని జియోపైలో భూమి వంపును కలుపుకొని దూరం చెప్పే ‘జియోడెసిక్’తో లెక్కించి, మెట్టువారీగా మధ్యగతం (మీడియన్) చెప్పండి. సగటు వద్దు, ఎందుకంటే 200 కిలోమీటర్ల దూరంలో పడ్డ ఒక్క చుక్క సగటును పనికిరాకుండా చేస్తుంది. రోడ్డు మెట్టులో తేడా ఎంత, పేట మెట్టులో ఎంత, పిన్‌కోడ్ మెట్టులో ఎంత, ఎన్నింటికి జవాబే లేదు అని నాలుగు వరుసల పట్టిక ఇస్తే చాలు. దాని ముందు రంగురంగుల మ్యాప్ ఎందుకూ పనికిరాదు.

ఉద్యోగాల సంగతి. జియోకోడింగ్ ఒక్కటే వస్తే ఉద్యోగం రాదు. దానికి మ్యాపులు తయారుచేసే క్యూజీఐఎస్, పైథాన్‌లో మ్యాప్ పట్టికల లైబ్రరీ జియోపాండాస్, డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్‌తో పాటు డేటాబేస్‌లో స్థానాలను దాచే పోస్ట్‌జీఐఎస్ తోడైతే జీఐఎస్ (భౌగోళిక సమాచార వ్యవస్థ) అనలిస్ట్, లొకేషన్ డేటా ఉద్యోగాలకు దరఖాస్తు చేయొచ్చు. డెలివరీ, మ్యాపింగ్, బీమా, విద్యుత్ పంపిణీ లాంటి చోట్ల ఈ పని ఉంటుంది. సివిల్ చదువుతున్న మీకు సర్వేయింగ్ ముందే తెలుసు, కంప్యూటర్ సైన్స్ వాళ్ల కంటే అది మీకున్న మొగ్గు. 2022 నుంచి గేట్‌లో జియోమాటిక్స్ ఇంజినీరింగ్ పేపర్ ఉంది. అందులో సర్వేయింగ్, మ్యాపింగ్ విభాగాన్ని ఎంచుకోవచ్చు. ఎంటెక్ కోసం జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో స్పేషియల్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం జియో ఇంజినీరింగ్ విభాగం చూడండి. అప్పటిదాకా దేహ్రాదూన్‌లోని ఐఐఆర్‌ఎస్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రిమోట్ సెన్సింగ్) నిర్వహించే ఉచిత ఆన్‌లైన్ కోర్సుల్లో ఒకటి పూర్తి చేయండి.

ఇంకా సమయం మిగిలితే తపాలా శాఖ 2025లో విడుదల చేసిన డిజిపిన్‌ను మీ పట్టికకు జోడించండి. ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన ఎన్‌ఆర్‌ఎస్‌సీ (నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్)లతో కలిసి రూపొందించిన ఈ 10 అక్షరాల కోడ్ దేశాన్ని సుమారు 4 మీటర్ల గళ్లుగా విడదీస్తుంది. దాన్ని లెక్కించే ప్రోగ్రామ్ బహిరంగంగానే ఉంది. అయితే సొంతంగా సరిచూసిన ఆ 100 దుకాణాలకే ఇవ్వండి. పిన్‌కోడ్ మెట్టులో దొరికిన చుక్కకు డిజిపిన్ తగిలిస్తే అది ఆ దుకాణానిది కాని గడిని చూపిస్తుంది.