ఆ ఎనిమిది వేలు ముందు తిరిగి ఇచ్చేయండి

ప్రశ్న: మాది విజయవాడ, కృష్ణలంక. మావారు లారీ డ్రైవర్. బండెక్కితే పది రోజులకు గానీ ఇంటికి రారు. అబ్బాయికి పదిహేడేళ్లు. ఇంటర్ రెండో ఏడాది రెండు సబ్జెక్టులు పోయాక పుస్తకం ముట్టుకోలేదు. మా ఏరియాలో ఒకతన్ని 'అన్న' అంటూ అతని వెనకే తిరుగుతున్నాడు. మొన్న ఆ అన్న పుట్టినరోజుకి నడిరోడ్డు మీద కత్తితో కేకు కోసి, వీడియో స్టేటస్‌లో పెట్టుకున్నారు. పోలీసులు అందర్నీ స్టేషన్‌కి పిలిచి, ఫొటోలు తీసుకుని పంపేశారు. అతని గురించి గట్టిగా ఏమీ అనలేకపోతున్నాను. నిరుడు నాకు ఆపరేషన్ అయినప్పుడు ఎనిమిది వేలు సర్దింది అతనే. ఎస్సైగారికి చెప్పి మావాడికి నాలుగు తగిలించమననా? గుంటూరులో మా తమ్ముడి దగ్గరికి పంపేయనా?

జవాబు: అమ్మా, కత్తి సంగతి చదివినప్పటికంటే ఆ ఎనిమిది వేల దగ్గర నాకు ఎక్కువ భయమేసింది.

నాన్న ఊళ్లో లేనప్పుడు అమ్మని ఆదుకున్నది అన్న. మీవాడి మనసులో అది నాటుకుపోయింది. రేపు అతను "ఒరేయ్, ఈ కవరు బెంజి సర్కిల్ దగ్గర ఇచ్చిరా" అంటే, అందులో ఏముందని మీవాడు అడగలేడు. గంజాయి చేతులు మారేది చాలాసార్లు ఇలాంటి మొహమాటాల మీదే. అందుకే ముందు ఆ బాకీ తీర్చండి. చీటీ ఎత్తుతారో, మీవారు ఓనరు దగ్గర అడ్వాన్సు తీసుకుంటారో చూడండి. డబ్బు మాత్రం అబ్బాయి చేతికివ్వకండి. బస్తీలో ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషి ఒకర్ని వెంటబెట్టుకుని మీవారే వెళ్లాలి. "కష్టంలో ఆదుకున్నావు బాబూ, సంతోషం" అని ఇచ్చేసి వచ్చేయాలి. అక్కడ కొడుకు ఊసెత్తొద్దు, గొడవ అసలే వద్దు. ఆ వెళ్లడం ఏదో మీవాడి కళ్లముందే జరగనివ్వండి.

ఇక నాలుగు తగిలించడం గురించి. వద్దమ్మా. స్టేషన్‌లో దెబ్బలు తిని వచ్చినవాడికి ఆ బ్యాచ్‌లో హోదా పెరుగుతుంది, ఇంటి మీద కసి పెరుగుతుంది. పైగా కొట్టించింది అమ్మే అని తెలిస్తే ఇక మీతో ఏం మాట్లాడతాడు? భయపెట్టి మార్చడం అమెరికాలోనూ చూశారు. 1970ల్లో న్యూజెర్సీలోని రాహ్‌వే జైలుకి దారితప్పిన పిల్లల్ని తీసుకెళ్లి, జీవితఖైదీల చేత అరిపించి బెదరగొట్టారు. తర్వాత ఇలాంటి కార్యక్రమాలను పరిశీలిస్తే, వాటికి వెళ్లిన పిల్లలే వెళ్లనివాళ్లకంటే ఎక్కువగా నేరాల్లోకి వెళ్లారని తేలింది.

అలాగని పోలీసుల గడప తొక్కొద్దని నేననను. బాల నేరస్థుల కోసం తెచ్చిన 2015 చట్టం ప్రకారం ప్రతి స్టేషన్‌లో పిల్లల వ్యవహారాలు చూసే అధికారి ఒకరుండాలి, ఏఎస్సై స్థాయికి తగ్గకుండా. ఆయనెవరో అడిగి, మీవారితో కలిసి ఒకసారి వెళ్లి మాట్లాడండి. అబ్బాయి ఎవరితో తిరుగుతున్నాడో మీకు తెలుసనీ, మానిపించే ప్రయత్నంలో ఉన్నామనీ చెప్పండి. పద్దెనిమిది నిండనివాణ్ని లాకప్‌లో పెట్టకూడదు. పట్టుకుంటే 24 గంటల్లోగా, పిల్లల కేసులు చూసే జువెనైల్ బోర్డు ముందు హాజరుపరచాలి. ఇది మీరు తెలుసుకుని ఉండటం మంచిది. కానీ పదహారు దాటినవాళ్లు ఘోరమైన నేరం చేస్తే, పెద్దవాళ్లలాగే విచారించాలని బోర్డు నిర్ణయించవచ్చు. పద్దెనిమిది నిండాక చేసిన పనికి ఈ రక్షణేదీ ఉండదు. మీవాడి పుట్టినరోజు ఎంత దూరంలో ఉందో ఒకసారి చూసుకోండి.

2020 మే నెలాఖరున మీ ఊళ్లోనే, పటమటలో రెండు గ్రూపులు కత్తులతో కొట్టుకున్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఒకతను చనిపోయాడు, పదుల సంఖ్యలో అరెస్టయ్యారు. ఇలాంటి కేసుల్లో "నేను కొట్టలేదు, పిలిస్తే ఊరికే వెళ్లాను" అనే మాట నిలవడం కష్టం. అయిదుగురు, అంతకుమించి ఒకే ఉద్దేశంతో గుంపుగా వెళ్లి నేరం చేస్తే గుంపులో ఉన్న ప్రతివాడూ దోషేనని భారతీయ న్యాయ సంహిత 190 సెక్షన్ చెబుతోంది. ఈ ఒక్క ముక్క మీవాడికి తండ్రి నోట తెలియాలి. అరుస్తూ కాదు, పక్కన కూర్చుని.

అందుకు చోటు కూడా ఉంది, మీవారి లారీ. తమ్ముడి దగ్గరికి పంపడం అంటారా, గుంటూరు ఎంత దూరమమ్మా, బండి మీద గంట! ఫోన్ చేతిలో ఉన్నంతకాలం అన్న అక్కడా ఉంటాడు. దానికంటే రెండు ట్రిప్పులు మీవారి లారీలో పంపండి. క్లీనరు పనికి కాదు, కొడుకుగా. పది రోజులు క్యాబిన్‌లో పక్కపక్కన కూర్చుంటే మొదటి మూడు రోజులు మౌనంగానే గడుస్తాయి. పర్వాలేదు. నాలుగో రోజు ఏదో ఒక ధాబా దగ్గర మాట కలుస్తుంది.

కళ్లు ఎర్రబడటం, బట్టలకి గడ్డి కాలిన వాసన, జేబులో చుట్ట చుట్టుకునే పల్చటి కాగితాలు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకండి. మత్తు మాన్పించే సలహాకి 14446 ఉంది. గంజాయి అమ్మేవాళ్ల గురించి చెప్పాలంటే, మత్తుమందుల్ని అరికట్టే మన రాష్ట్ర పోలీసుల ఈగల్ విభాగం నంబరు 1972.

ఒక్క మాట అడగనా? ఇంత వివరంగా రాశారు గానీ, మీవాడికి ఏమంటే ఇష్టమో, ఏ పని బాగా వచ్చో ఒక్క ముక్కా లేదు. బండ్లు విప్పి బిగించడమా, కబడ్డీయా, వంటా? అన్నకి అది ఎప్పుడో తెలిసిపోయి ఉంటుంది. అదేమిటో కనుక్కుని మళ్లీ రాయండి. ఈలోగా ఆ రెండు సబ్జెక్టులకి సప్లిమెంటరీ ఫీజు కట్టేయండి, చివరి తేదీ ఎప్పుడో కాలేజీలో అడిగి.